విషవాయువు వెలువడిన తొలిగడియ

అగ్నిభయము, జలభయము, చోరభయము, రాజభయము అని మన పెద్దలు భయములను లెక్క వేసిరి. వారి లెక్కలో చేరని భయ మొకటి మన కాలమున మన యిండ్లచెంతకు వచ్చి కూర్చున్నది. అది కంటి కగపడదు. తలుపు తట్టి రాదు. నిద్రించువానిని నిద్రలోనే పట్టుకొనును. 2020 వ సంవత్సరము మే నెల 7 వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపుర వాసులకు ఆ భయము ప్రత్యక్షమైనది. ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునందలి స్టైరీన్ టాంకునుండి ఆవిరి వెలువడి ఊరిమీద పరచుకొన్నది. పండ్రెండుగురు మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పశువులు కట్టుగొయ్యలయొద్దనే కూలినవి. మేల్కొని పరుగెత్తినవారిలో అనేకులు వీథులలోనే స్పృహ తప్పి పడిరి. ఊరివారిని హెచ్చరింపవలసిన సైరను ఆ వేళ మ్రోగలేదని, పిదప ప్రభుత్వము నియమించిన ఉన్నతసంఘము విచారించి తెలిపినది.

తప్పెవరిది, శిక్ష యెంత యను విషయములు న్యాయస్థానములు తేల్చవలసినవి. వాని నిచ్చట చర్చింపము. మేము చర్చింపబూనిన ప్రశ్న వేఱు. విషము గాలిలో కలిసినది. ఒక్కమాఱుగ వందలమంది రోగులు ఆసుపత్రి ద్వారమునొద్దకు వచ్చి పడిరి. మంచములు పది, వైద్యులు నలుగురు. అప్పు డెవరిని ముందు చూడవలయును? చూచుటకు ముం దేమి చేయవలయును? ఆ వరుసను నిర్ణయించువా డెవడు?

ఈ ప్రశ్నను వైద్యులకే విడిచిపెట్టుదమని మా పాఠకులలో కొందఱు తలపవచ్చును. అట్లు తలపరాదు. విషవాయువు వెలువడిన తొలిగడియలో వైద్యుడు ఆ చోట నుండడు. అక్కడ నుండువారు ఇరుగుపొరుగువారు, పాలు పితుకుటకు లేచిన రైతు, రాత్రి కావలివాడు, ఆటో నడుపువాడు, గస్తీ తిరుగు పోలీసు. రోగి బ్రదుకుటయో చచ్చుటయో చాలవఱకు వీరి చేతులలోనే తేలిపోవుచున్నది. కావున ఈ విద్య వీరికి రావలయును. ఇది గడింపరాని విద్యయును గాదు.

సామాన్య ప్రమాదమునకును రసాయన ప్రమాదమునకును గల భేదమును మొదట గుర్తింపవలయును. బస్సు బోల్తాపడి గాయపడినవాడు తన గాయమును తానే మోయును. దాని నితరులకు అంటింపడు. రసాయనము మీద పడినవాడట్లు గాదు. ఆ విషము వాని బట్టలలో, తలవెండ్రుకలలో, చర్మముపైని నిలిచియుండును. వానిని భుజమున వేసికొన్నవానికి అది యంటును. వానిని ఎక్కించుకొన్న బండికి, పరుండబెట్టిన పడకకు, పట్టుకొన్న నర్సు చేతికి అంటును. ఆసుపత్రి లోపలికి అట్టివా రిరువదిమంది కడుగక పోయిరేని, ఆసుపత్రియే రోగగ్రస్తమగును.

ఇది ఊహించి చెప్పుమాట గాదు. 1995 వ సంవత్సరము మార్చి 20 వ తేదీన జపాను రాజధాని యగు టోక్యోలో భూగర్భ రైళ్లయందు దుండగులు సారిన్ అను విషమును విడిచిరి. అది ప్రమాదవశమున ఒలికినది గాదు, బుద్ధిపూర్వకముగ చేసిన హత్య; ఐనను ఆసుపత్రులకది నేర్పిన పాఠము రెంటికిని ఒక్కటే. సమీపముననున్న సెయింట్ లూకు ఆసుపత్రికి ఒక్కదినమున 640 మంది వచ్చిరి. వారిలో అధికసంఖ్యాకులు అంబులెన్సులలో వచ్చినవారు గారు. నడచియు, టాక్సీలలోను, దారిని పోవు బండ్లలోను వచ్చిరి. అది యే విషమో తెలియకమునుపే ఆసుపత్రి నిండిపోయినది. బట్టలు మార్పించి కడుగుట సాగలేదు. స్థలము చాలక ప్రార్థనామందిరమున సైతము రోగులను పరుండబెట్టిరి. అచ్చట గాలి చక్కగా ఆడలేదు. రోగుల బట్టలనుండి లేచిన ఆవిరి సోకి, చికిత్స చేయువారిలో నూఱుమందికి పైగా కన్నులు మసకలు క్రమ్మి, తలనొప్పి పుట్టి బాధపడిరి.

ఆ 640 మందిలో ప్రాణాపాయస్థితి నున్నవా రైదుగురు. మధ్యమస్థితి నున్నవారు 107. తక్కిన 528 మంది స్వల్పముగ సోకినవారు. ఈ లెక్కను మా పాఠకులు నిదానించి చూడవలయును. ద్వారమునొద్ద నిండినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా, కొంచెముసేపు ఆగినను ప్రాణహాని లేనివారు. ఇంకొక సంగతి. నడువగలవాడు ముందు వచ్చును. నడువలేనివాడు, ఒకరు మోసి తేవలసినవాడు కావున, వెనుక వచ్చును. ముందు వచ్చినవానికెల్ల ముందు మంచ మిచ్చుచు పోయినచో, వెనుక వచ్చు ఆ యైదుగురికి మంచ ముండదు. కావుననే రోగులను వర్గములుగ వేఱుపఱచు పద్ధతి యావశ్యకమైనది.

ఈ పద్ధతికి ట్రయాజ్ అని పేరు. ఇది ఫ్రెంచి మాట. ఏరి వేఱుపఱచుట యని యర్థము. నెపోలియను సేనలలో శస్త్రవైద్యుడైన లారే యనునాతడు యుద్ధభూమియందు దీనికి పునాది వేసెను. గాయపడినవాడు సేనానియా, సామాన్య సిపాయియా యని చూడక, గాయముయొక్క తీవ్రతనుబట్టియే ముందు వెనుకలు నిర్ణయింపవలయునని యాతని నియమము. మన యిండ్లలో గింజలను ఏరునపుడు తాలును పారవేయుదుము. మనుష్యులను ఏరునపుడు పారవేయదగిన దేదియు లేదు. వరుస మాత్రమే గలదు.

నేడు లోకమున నాలుగు రంగుల చీటీలు వాడుకలో నున్నవి. తత్‌క్షణమే చికిత్స వలసినవానికి ఎఱుపు. కొంత ఆగగలవానికి పసుపు. నడువగలిగి, స్వల్పబాధ గలవానికి పచ్చ. మరణించినవానికిని, ఉన్న సాధనములతో బ్రదికింప వీలుకానివానికిని నలుపు. వేఱుపఱచువాడు ఒక్కొక్క రోగియొద్ద ఒక్క నిమిషమునకు మించి నిలువరాదు. 1983 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఏర్పడిన ఒక సులభపద్ధతి నేడు పలుదేశములలో వాడబడుచున్నది. అందు మొదట, నడువగలవా రందఱు ఒక ప్రక్కకు రండని కేక వేయుదురు, వచ్చినవారు పచ్చవర్గము. మిగిలినవానియొద్దకు పోయి శ్వాస చూతురు. శ్వాస లేనిచో తల వంపు సరిచేసి గాలిత్రోవ తెఱతురు. అప్పటికిని లేనిచో నలుపు. శ్వాస నిమిషమునకు 30 కి మించినచో ఎఱుపు. గోరు నొక్కి విడిచినపుడు రక్తపు రంగు రెండు క్షణములలో తిరిగి రానిచో ఎఱుపు. చేయి బిగింపుమని చెప్పిన వినలేనిచో ఎఱుపు. మిగిలినవారు పసుపు. ఇంతియే. చదువు వచ్చిన యువకుడెవడైనను ఒక్కదినమున దీనిని నేర్వగలడు.

ఐతే ఇందు మనస్సునకు కష్టమైన నియమము లున్నవి. గొల్లున నేడ్చుచున్నవాడు మన దృష్టిని లాగును; ఏడ్చుటకు ఊపిరియున్న దనుటకు అదియే నిదర్శనము. మూల నొరిగి, పలుకక, పెదవులు నీలి వాఱినవానిని ఎవడును చూడడు. ఎఱుపు చీటీ వానిది. బంధుబలము గలవాడు వైద్యుని చుట్టు జనమును నిలుపును. ఒంటరియైన కూలీ గోడప్రక్కన మిగిలిపోవును. మా పాఠకులలో భూస్వాములును, పురప్రముఖులును, నలుగురిలో మాట చెల్లుబడి గలవారును పెక్కుమంది గలరు. వారి కొకమాట నిర్మొగమాటముగ విన్నవించుచున్నాము. ఆ గడియలో కామందు బిడ్డ యనియు పాలేరు బిడ్డ యనియు భేదము లేదు. ఆసుపత్రికి ఫోను చేసి, మావానిని ముందు చూడుడని యొత్తిడి చేయుట, పేరు తెలియని మఱొకని ఊపిరిని తీసివేయుట యగును. పెద్దఱికమునకు అప్పుడు తగిన పని యొక్కటియే: గుమిగూడిన జనమును ప్రక్కకు తప్పించి, వేఱుపఱచువాని మాట నిలబెట్టుట.

రసాయన ప్రమాదమున ఈ వర్గీకరణము మఱికొంత జాగ్రత్తతో చేయవలసియున్నది. గాయము చెప్పునది చూచినప్పుడే చెప్పును. విషము కొన్నియెడల ఆలస్యముగ చెప్పును. ఫాస్‌జీన్ అను వాయువును పీల్చినవాడు మొదట కొంచెము దగ్గి, కన్నులు తుడుచుకొని, తనకేమియు లేదని యింటికి పోవును. పిదప కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు ఒకదినము గడచిన పిమ్మట, ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణముమీదికి వచ్చును. క్లోరిన్ మెండుగ పీల్చినవానికిని ఇట్టి యపాయము కలుగవచ్చును. కావున పచ్చచీటీ యన్నది ఇంటికి పొమ్మను సెలవుచీటీ గాదు. అట్టివారిని ఒకచోట కూర్చుండబెట్టి, శ్రమ పడనీయక, మాటిమాటికి చూచుచుండవలయును. పచ్చ పసుపగుటయు, పసుపు ఎఱుపగుటయు కలదు. ఒకమాఱు వేసిన చీటీ శిలాశాసనము గాదు.

ఇక అన్నిటికంటె ముందు జరుగవలసినది విషక్షాళనము, అనగా ఒంటిమీది విషమును తొలగించుట. మందు దీని తరువాతిది. ఇందు రెండంగములు. మొదటిది బట్టలు తీసివేయుట. రెండవది నీటితో కడుగుట. బట్టలు తీసివేసినంతమాత్రమున మీదబడిన విషములో అధికభాగము తొలగిపోవును. తలమీదుగా లాగి తీయవలసిన చొక్కాను కత్తిరించి తీయుట మేలు. లాగినచో కన్నులకును నోటికిని విష మంటును. తీసిన బట్టలను సంచిలో మూట గట్టి దూరముగ నుంచవలయును. పిమ్మట ధారాళముగ నీరు పోయవలయును. తల, చెవుల వెనుక, చంకలు, గజ్జలు, గోళ్లసందులు మఱవరాదు. సబ్బు ఉన్న మంచిది, లేదని ఆగరాదు. కంట బడినచో పదునైదు నిమిషములకు తక్కువ గాకుండ శుభ్రమైన నీరు ధారగ పోయవలయును. కంటిరెప్పలు విప్పి పట్టుకొన్నగాని ఆ నీరు లోనికి పోదు. సున్నపుపొడి వంటి పొడిపదార్థము మీద పడినచో దానిని మొదట దులిపివేసి పిదప నీరు పోయవలయును.

వాయువు మాత్రమే సోకి, ఒంటిమీద ద్రవము పడనివానికి ఇంత ప్రక్షాళనము అక్కఱ లేదు. మంచి గాలిలోనికి తెచ్చుటయు, పైబట్ట మార్చుటయు చాలును. చర్మమో కన్నో మండుచున్నచో కడుగవలయును. ఒంటిమీద ద్రవము పడినవారినియు, వారిలో ప్రాణాపాయలక్షణములు గలవారినియు ముందు కడుగవలయును. శ్వాస ఆగబోవువానికి గాలిత్రోవ తెఱచుట, విరుగుడు సిద్ధముగ నున్న దాని నిచ్చుట, కడుగుచుండగనే జరుగవలయును. కడుగుట ముగియువఱకు ప్రాణము ఆగదు గదా.

ఈ పనికి మూడు మండలములు ఏర్పఱతురు. విషము వ్యాపించిన చోటు మొదటిది. అందులోనికి తగిన ముసుగు, ఊపిరి సాధనములు ధరించినవారు తప్ప పోరాదు. కడుగుచోటు రెండవది. కడిగినవారికి చికిత్స చేయుచోటు మూడవది. రెండవదాని దాటక మూడవదానిలోనికి ఎవ్వరిని పంపరాదు. ఆసుపత్రి ద్వారమునొద్ద కూడ ఇదియే నియమము. దీనికి విదేశపు యంత్రములు వలయునని భయపడవలసిన పని లేదు. ఆసుపత్రి ముంగిట ఒక నీటిగొట్టము, కొన్ని జల్లుకుళాయీలు, నేలకు వాలు, నీరు పోవు కాలువ, ఉతికిన బట్టల మూట ఉన్న చాలును. ఊరిలో నున్నది ఒక బోరు, ఒక మోటారు, ఒక రబ్బరు గొట్టమైనను పని జరుగును.

ఇచ్చట మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. దానిని గూర్చి మొగమాటము చాలింపవలయును. నలుగురిలో బట్టలు విప్పుటకు మన స్త్రీలు అంగీకరింపరు. ప్రాణము పోవుచున్నను అంగీకరింపరు. 2022 లో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమునందలి ప్రత్యేకార్థిక మండలమున, జూన్ నెలలో నొకమాఱు, ఆగస్టు నెలలో నొకమాఱు, కుట్టుపని చేయు స్త్రీలు వందలకొలది విషవాయువు సోకి ఆసుపత్రులకు పోవలసివచ్చినది. అట్టిచోట మగవారి నడుమ, బయలున, స్త్రీలను కడుగుదమనిన సాగునా? సాగదు. సాగకున్న తప్పు వారిది గాదు. ముందు ఏర్పాటు చేయనివారిది. నాలుగు వెదుళ్లు, ఒక తెర, కడుగుటకు స్త్రీలే, కట్టుకొనుటకు ఉతికిన చీరలు నూఱు. ఇంతమాత్రపు సిద్ధత లేక ఒక యువతి తడవని చీరతో విషమును మోసికొని అంబులెన్సు ఎక్కుట మన సంఘమునకు సిగ్గుచేటు. ఏ కర్మాగారపు రక్షణప్రణాళికలోనైనను ఈ తెరయు, ఈ చీరలును ఉన్నవో లేవో మొదట చూడవలయును.

కడుగుట యెంత ముఖ్యమో, విషముయొక్క పేరు తెలియుట అంత ముఖ్యము. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడినపుడు, హమీదియా ఆసుపత్రికి వేలకొలది జనులు కన్నులు కనబడక, ఊపిరాడక వచ్చి పడిరి. వారి కేమి సోకినదో వైద్యులకు తెలియదు. అది కన్నులు మండించునదియే గాని ప్రాణాంతకము గాదని కర్మాగారపు పక్షమునుండి సమాధానము వచ్చినది. ఆ సమాధానము వచ్చువేళకే శవములు వరుసగ చేరుచుండెను. శత్రువుపేరు దాచిపెట్టి యుద్ధము చేయుమనుట యిట్టిదే.

టోక్యోలో దీనికి భిన్నమైన సంగతి జరిగినది. అంతకు ముందటి సంవత్సరము, 1994 లో, మత్సుమోటో పట్టణమునను ఇదే విషము విడువబడియుండెను. అచ్చటి రోగులకు చికిత్స చేసిన వైద్యుడొకడు టోక్యో వార్త విని, రోగలక్షణములు ఒక్కతీరుగ నున్నవని గ్రహించి, సెయింట్ లూకు ఆసుపత్రికి ఫోను చేసి తెలియజెప్పెను. ఒక యాపదనుండి నేర్చినది మఱియొక యాపదకు అక్కఱకు వచ్చుట యన నిట్లుండవలయును.

పేరు తెలిసినచో ఏమి లాభమని యడుగవచ్చును. కొన్నిటికి విరుగుడున్నది; కొన్నిటికి లేదు. పురుగుమందులలో ఆర్గనోఫాస్ఫేటులను జాతి గలదు. సారిన్ కూడ ఆ జాతిలోనిదే. అది సోకినవానికి కంటిపాప సూదిమొనవలె కుంచించుకొనును, చొల్లు కాఱును, చెమట పోయును, రొమ్ములో గురగుర పుట్టును. దానికి అట్రోపిన్ విరుగుడు. పత్తి, మిరప పండించు మన జిల్లాల వైద్యులకు ఈ లక్షణములును ఈ మందును చిరపరిచితములు. సైనైడునకు వేఱు విరుగుడు గలదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము చర్మముపై బడినచో కడిగిన పిదప కాల్షియం గ్లూకోనేట్ పూయుదురు. స్టైరీనునకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. మంచి గాలి, ప్రాణవాయువు, క్షాళనము, కనిపెట్టియుండుట, ఇవియే చికిత్స. విరుగుడు లేదని తెలియుటయు లాభమే. లేని మందుకై వెదకుచు కాలము పోగొట్టుకొనము.

రోడ్డుపై పోవు రసాయనపు టాంకరు లారీలకు వెనుకను ప్రక్కలను ఒక పలక యుండును. దానిమీద నాలుగంకెల సంఖ్య యుండును. క్లోరిన్ సంఖ్య 1017, అమోనియా 1005, స్టైరీన్ 2055. లారీ బోల్తాపడినచో చూడబోయి గుమిగూడక, దూరమునుండియే ఆ సంఖ్యను చదివి, ఫోనులో అంబులెన్సువారికిని అగ్నిమాపక దళమువారికిని చెప్పినవాడు సగము వైద్యము చేసినవాడు.

దూరము అంటిమి, ఏ దిక్కునకు పోవలయునో కూడ చెప్పవలయును. భయపడిన మనుష్యుడు గాలితోబాటు పరుగెత్తును. విషమును వానితోబాటు పరుగెత్తును. గాలివాటమునకు అడ్డముగ ప్రక్కకు తొలగి, పిదప గాలి వచ్చు దిక్కునకు పోవలయును. క్లోరిన్ గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువు. స్టైరీన్ ఆవిరి మూడున్నర రెట్లు బరువు. ఇట్టివి నేలబారున ప్రాకి పల్లములలో, కాలువలలో, గోతులలో నిలుచును. కావున పల్లమున దాగరాదు, మెఱక నెక్కవలయును. దూరమున నున్నవారు, పొమ్మని యధికారులు చెప్పనిచో, తలుపులు కిటికీలు మూసి సందులలో తడిబట్టలు క్రుక్కి లోపలనుండుట మంచిది. అమోనియా, క్లోరిన్ వంటి నీట కలియు వాయువులను ముక్కుకడ్డముగ పట్టిన తడిబట్ట కొంత ఆపును. దానిని నమ్ముకొని విషములోనికి మాత్రము పోరాదు. మురుగుగోతిలో దిగి పడినవానిని తీయబోయి, వెంట దిగినవారును అందే ప్రాణములు విడిచిన వార్తలు మన పత్రికలలో ఎన్నిమాఱులు చదువలేదు? సాధనము లేని సాహసము ఆపన్నుల సంఖ్యను పెంచును.

ఇది విశాఖపట్టణమువారి బాధ, మాకేమి యని గోదావరి, కృష్ణా, గుంటూరు, తెలంగాణ ప్రాంతములవారు తలపవలదు. పట్టణములకు మంచినీటి నిచ్చు కేంద్రములలో నీటిని శుద్ధిచేయుటకు క్లోరిన్ సిలిండర్లు ఉండుట సామాన్యము. మిరపకాయ నిలువచేయు శీతలగిడ్డంగులలోను, మంచు ఫ్యాక్టరీలలోను, రొయ్యల శుద్ధికేంద్రములలోను చల్లదనమునకు అమోనియా వాడుదురు. ఈ గిడ్డంగుల యజమానులును వాటాదారులును మా పాఠకులలోనే యుందురు. తమ గిడ్డంగిలో అమోనియా కాఱినచో బస్తాలు మోయు కూలీలు ఏ త్రోవను బయటబడుదురో, వారికి నీరెచ్చట దొరకునో, ప్రక్క వీథివారికి ఎవరు చెప్పుదురో వారు నేడే ఆలోచింపవలయును.

చట్టములు లేవని చెప్పుటకు వీలు లేదు. భోపాలు పిమ్మట 1986 లో పర్యావరణ సంరక్షణ చట్టము వచ్చినది. దాని క్రింద 1989 లో వెలువడిన నియమములనుబట్టి, అపాయకర రసాయనములను నిర్ణీత పరిమాణమునకు మించి నిలువచేయు కర్మాగారము లోపలి ఆపత్కాల ప్రణాళికను వ్రాసి, ఆఱునెలల కొకమాఱు అభ్యాసము చేయింపవలయును. ఆవరణ వెలుపలి ప్రణాళికను అధికారులు సిద్ధపఱచి సంవత్సరమున కొకమాఱైనను అభ్యాసము జరుపవలయును. ప్రమాదము సంభవించినచో బాధపడగల చుట్టుపట్ల ప్రజలకు, అపాయ మేమో, అప్పు డేమి చేయవలయునో ముందుగనే తెలుపవలయును. 1996 నాటి నియమములు జిల్లాకు కలెక్టరు అధ్యక్షతను ఆపన్నివారణ సంఘ ముండవలయునని విధించినవి. ఈ విధులు కాగితముమీద చక్కగనే యున్నవి. వెంకటాపురములో అర్ధరాత్రివేళ నిద్రించిన తల్లికి, గాలి యే వైపున వీచుచున్నదో చూచి పొమ్మని అంతకుమున్ను ఎవరైన చెప్పిరా యన్నదే ప్రశ్న.

కావున ప్రజలు అడుగవలయును. అడుగుట వారి హక్కు. కర్మాగారము చెంతనున్న ప్రతి పంచాయతీయు ఈ నాలుగు ప్రశ్నలను వ్రాతమూలకముగ వేయవలయును: మా యూరి ప్రక్కన నిలువ యున్న విషముల పేర్లేవి? సైరను మ్రోగినచో మే మే దిక్కునకు పోవలయును? కడుగుటకు ఏర్పాటెచ్చట నున్నది? కడపటి అభ్యాసము ఏ తేదీని జరిగినది, దానికి ఊరివారిలో నెవరిని పిలిచిరి? జవాబు వచ్చినచో దానిని పెద్దయక్షరములతో పంచాయతీ గోడపై వ్రాయింపవలయును. జవాబు రానిచో కలెక్టరునొద్దకు పోవలయును. పట్టణములలో వైద్యసంఘములవారు తమ ఆసుపత్రి ముంగిట క్షాళనస్థలము గలదో లేదో చూచుకొనవలయును. పాఠశాలలలో ఉపాధ్యాయులు రంగులచీటీల వర్గీకరణమును పెద్దపిల్లలకు నేర్పవలయును. ఇది పరీక్షలలో రాకపోయినను బ్రతుకులో రావచ్చును.

కర్మాగారములు వలదని మేము చెప్పుట లేదు. దేశమునకు ఎరువులు వలయును, మందులు వలయును, శుద్ధజలము వలయును. వానివెంట ఈ రసాయనములును వచ్చును. కాని, లాభము కర్మాగారమునకును, విషము ఊరికిని పంచబడు ఏర్పాటును న్యాయ మనజాలము. అపాయమును మోయువారికి ఆ యపాయముయొక్క పేరును, దానినుండి బయటపడు త్రోవయు తెలియజేయుట కనీసధర్మము. నీరు మన ఊరిలోనే యున్నది. తెరకట్టుటకు వెదుళ్లున్నవి. నేర్చుకొనగల పిల్లలున్నారు. లేనిది ముందుగ కూర్చుండి మాటలాడుకొనుట యొక్కటియే. వచ్చు గ్రామసభలోనే ఆ మాట యెత్తవలసినదిగ మా పాఠకులను కోరుచున్నాము.